80 రూపాయల అప్పుతో ఇంటిపట్టున పరిశ్రమ
పెట్టుబడి కన్నా కట్టుబాటే ముఖ్యమని చాటిన అప్పడాల సంస్థ

ముంబయి: ఇంటిపట్టున ఉంటూ చిన్న వ్యాపారం చేయదలచిన వారిని మొదట వెనుకంజ వేయించేది పెట్టుబడి సమస్య. అయితే గృహ పరిశ్రమగా పుట్టి ఆరు దశాబ్దాలకు పైగా నిలదొక్కుకున్న ‘లిజ్జత్’ అప్పడాల సంస్థ చరిత్రను పరిశీలిస్తే, పెట్టుబడి కన్నా కట్టుబాట్లే వ్యాపారాన్ని నిలబెడతాయని స్పష్టమవుతుంది.

1959 మార్చి 15న అప్పటి బొంబాయిలోని గిర్గావ్ ప్రాంతంలో ఒక భవనం మేడపై ఏడుగురు గుజరాతీ గృహిణులు అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. సామాజిక కార్యకర్త ఛగన్‌లాల్ కరంసీ పరేఖ్ ఇచ్చిన 80 రూపాయల అప్పే వారి మూలధనం. తొలిరోజు తయారైన నాలుగు ప్యాకెట్లను భులేశ్వర్‌లోని ఒక వర్తకునికి అమ్మారు. మొదటి సంవత్సరం అమ్మకాలు 6,196 రూపాయలు. నష్టం వచ్చినా ఎవరినీ విరాళం అర్థించరాదని వారు ఆదిలోనే నిర్ణయించుకున్నారు.

తొలి ఏడాది వర్షాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలపాటు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక స్టవ్ కొని, మంచంపై అప్పడాలు పరచి, కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. ధర తగ్గించి అమ్మేందుకు రెండో రకం అప్పడాలు కూడా చేయడాన్ని పరేఖ్ వారించారు. నాణ్యత ఒక్కటే ఉండాలని, ప్రతి పైసాకూ లెక్క రాయాలని ఆయన పట్టుబట్టారు. ఈ రెండు నియమాలే సంస్థకు పునాదులయ్యాయి.

మూడేళ్లలో సభ్యుల సంఖ్య 300 దాటడంతో మేడపై చోటు చాలలేదు. కలిపిన పిండిని సభ్యులు ఇళ్లకు తీసుకువెళ్లి, అప్పడాలు ఒత్తి తిరిగి తెచ్చే పద్ధతి అప్పుడే అమలులోకి వచ్చింది. పిండి కలపడం, తూకం, నాణ్యత పరీక్ష, ప్యాకింగ్ శాఖా కార్యాలయాల్లోనే జరుగుతాయి. ఒత్తడం, ఆరబెట్టడం మాత్రమే ఇళ్లలో జరుగుతాయి. ఇంట్లో శుభ్రమైన చోటు లేని మహిళలకు కార్యాలయంలోని ఇతర పనులు అప్పగిస్తారు. పని ఎన్ని వేల ఇళ్లలో జరిగినా రుచి మారకపోవడానికి ఈ విభజనే కారణం.

1966లో సొసైటీగా రిజిస్టరయిన ఈ సంస్థకు అదే సంవత్సరం ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ గుర్తింపు లభించింది. నేడు 40 వేలకు పైగా మహిళలకు ఇది ఉపాధి కల్పిస్తోంది. వ్యవస్థాపకుల్లో ఒకరైన జస్వంతిబెన్ జమ్నాదాస్ పోపట్‌కు 2021లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

కాగా, ఇంట్లో పనిచేసే వారందరూ వ్యాపారులు కారన్నది గమనార్హం. తెలంగాణలోని నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో వేలాది మహిళలు ఇళ్లలోనే బీడీలు చుడుతున్నారు. తునికాకు, పొగాకు ఇచ్చేదీ, చుట్టిన బీడీల్లో కొన్నింటిని పనికిరావని తోసిపుచ్చేదీ, ధర నిర్ణయించేదీ ఇతరులే. ఆ మహిళలకు దక్కేది కూలి మాత్రమే. అప్పడాల సంస్థలో పనిచేసే ప్రతి మహిళా సభ్యురాలే. లాభనష్టాలు రెండింటిలోనూ ఆమెకు భాగం ఉంటుంది. రెండుచోట్లా పని ఇంట్లోనే జరుగుతున్నా, యాజమాన్యంలో వాటా ఉండటం, లేకపోవడం అనే తేడా వారి జీవితాలను వేరు చేస్తోంది. ఇంట్లో పనిచేసే వారికి ఇతర కార్మికులతో సమాన హక్కులు ఉండాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడికను ఆమోదించింది. దానిని భారతదేశం ఇంకా ధ్రువీకరించలేదు.

ఇంటి నుంచి వ్యాపారం ప్రారంభించే వారికి ఈ అనుభవం కొన్ని పాఠాలు నేర్పుతోంది. ఇంటి ఖర్చు, వ్యాపారపు సొమ్ము ఒకే పెట్టెలో ఉంటే లాభం ఎంతో, తిన్నది ఎంతో తేలదు. కనుక లెక్కలు వేరుగా ఉండాలి. ఒకే సరుకును ఒకే నాణ్యతతో ఇవ్వగలిగిన తరువాతే రెండో సరుకు జోలికి వెళ్లాలి. పనివేళలను ఇంటివారందరూ గౌరవించాలి. 2020 జులై నుంచి అమలులో ఉన్న ‘ఉద్యమ్’ రిజిస్ట్రేషన్‌ను ఎటువంటి రుసుము లేకుండా పొందవచ్చు. బ్యాంకు రుణం కోరే వేళ అది అక్కరకు వస్తుంది. అయితే లెక్కల పుస్తకం సరిగా లేని వ్యాపారాన్ని ఏ రుణమూ ఎంతోకాలం నిలబెట్టలేదు.