క్లచ్ పెడల్ విరిగితే కారు తూకానికేనా?

మర్రిగూడ: పాత మారుతీ కారు. ఎడమ కాలు కింద పెడల్ పటుక్కుమంటుంది. కాలు నేలకు తగులుతుంది. గేరు పడదు, పడ్డ గేరు రాదు. బండిని నలుగురు కలిసి తోసుకొచ్చి వెల్డింగ్ షాపు ముందు పెడతారు. అక్కడ వినిపించేది ఒకటే మాట: ‘అన్నా, జల్ది అతికియ్యి, దవాఖానకు పోవాలె’. అతికిస్తారు. కొన్నాళ్లకు అదే పెడల్ అదే చోట మళ్లీ విరుగుతుంది. ఇంక దీనితో వేగలేమని బండిని తూకానికి అమ్మేస్తారు.

విరిగింది పెడలే అయినా, చాలాసార్లు తప్పు దానిది కాదు.

మారుతీ 800 తొలి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే నిలిచిపోయింది. అంటే ఇవాళ పల్లెలో తిరిగే మారుతీ 800 ఏదైనా పదేళ్లు దాటిన బండే. పట్నంలో వద్దనుకున్నవి చేతులు మారి ఊళ్లకు వచ్చాయి. 108 అంబులెన్సు 2005 నుంచి ఉన్నా, చూపించుకోవడానికి పోయేవారికీ, దవాఖాన నుంచి ఇంటికి వచ్చేవారికీ ఇంటి బండో, పొరుగింటి బండో కావాల్సిందే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు పట్టేసిన పెద్దలున్న ప్రాంతమిది. వారిని బస్సు మెట్లు ఎక్కించడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఈ కారులో పెడల్‌కూ గేర్ బాక్సుకూ మధ్య ఉన్నది ఒక ఇనుప వైరు. గొట్టంలాంటి తొడుగులో అది జారుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ తొడుగులోకి దుమ్ము, నీరు చేరుతాయి. తుప్పు పడుతుంది. వైరులో ఒక్కొక్క పోగు తెగుతుంది. జారాల్సిన వైరు ఈడ్చుకుపోతుంది. క్లచ్ ప్లేటు అరిగినా పెడల్ బరువెక్కుతుంది. ఈ మార్పు ఒక్కరోజులో రాదు కాబట్టి నడిపేవారు గమనించరు. రోజూ కాస్త ఎక్కువ బలంతో తొక్కుతారు. ఆ బలమంతా పెడల్ కాడ అతుకు మీద పడుతుంది. మొదట సన్నటి పగులు, తర్వాత కిర్రుమనే చప్పుడు, చివరికి విరుగుడు. వైరును అలాగే ఉంచి కాడను అతికిస్తే మళ్లీ విరగక ఏమవుతుంది?

తెలుసుకునే ఉపాయం ఒకటుంది. గేర్ బాక్సు దగ్గర వైరు కొస విప్పి, రెండో కొస పట్టుకుని చేత్తో అటూ ఇటూ లాగి చూడాలి. తేలిగ్గా జారితే వైరు మంచిదే, లోపల ప్లేటు సంగతి చూసుకోవాలి. పట్టి పట్టి కదిలితే వైరు మార్చాలి. మార్చేటప్పుడు తొడుగు వంకర తిరగకుండా, ఇంజను వేడి తగలకుండా పాత దారిలోనే వేయాలి.

పెడల్‌ను అతికించే పనిలోనూ తొందర చెల్లదు. బండిలో ఉంచి వెల్డింగ్ కొట్టించేవారున్నారు. అది ప్రమాదం. పక్కనే కరెంటు వైర్లు, కింద పరుపు, బండిలో పెట్రోలు. బ్యాటరీ తీగ విప్పి, పెడల్‌ను బయటకు తీయాలి. ప్లాస్టిక్ బుష్‌లుంటే ముందే తీసేయాలి, వేడికి కరుగుతాయి. విరిగిన అంచులను గ్రైండింగ్ చేసి, రెండు ముక్కలనూ పాత వంపులోనే కూర్చి, రెండు వైపులా అతికించాలి. వంపు కొంచెం తేడా వచ్చినా కాలికి అందే ఎత్తు మారిపోతుంది. ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లు చల్లకూడదు, ఇనుము పెళుసెక్కుతుంది. దానంతటది చల్లారాలి. ఇంతకంటే మంచి దారి, హైదరాబాద్ ఆటోనగర్ వంటి చోట పాత బండి నుంచి తీసిన పగులు లేని పెడల్ తెచ్చుకోవడం. ఇదంతా క్లచ్ గురించే. బ్రేకు పెడల్ విరిగితే మాత్రం అతుకు వద్దు, మార్చాల్సిందే.

జీపులకు, పాత అంబాసిడర్లకు పెడల్ కాడ నేలలోంచి పైకి వస్తుంది. ఇరుసు కిందనే ఉంటుంది కాబట్టి బురద తగిలి బిగుసుకుంటుంది. గ్రీజు పెడితే సగం జబ్బు పోతుంది. నూనెతో పనిచేసే క్లచ్‌లో వైరే ఉండదు. అక్కడ పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే విరిగిందని కంగారు పడక, ముందు నూనె కారుతోందేమో చూడాలి.

దారి మధ్యలో విరిగితే? ఇంజను ఆపి, ఒకటో గేరు వేసి తాళం తిప్పితే మారుతీని స్టార్టరే ముందుకు లాగుతుంది, ఇంజను అందుకుంటుంది. ఆ గేరులోనే మెల్లగా పోవచ్చు. ఆపాలంటే గేరును న్యూట్రల్‌కు లాగి బ్రేకు వేయాలి. గేరు రాకపోతే బ్రేకు తొక్కుతూ ఇంజను ఆపాలి గానీ తాళం బయటకు తీయకూడదు, స్టీరింగు బిగుసుకుంటుంది. ముందు మనుషులు లేని ఖాళీ రోడ్డు మీద, రిపేరు షాపు దాకా మాత్రమే ఈ పద్ధతి. సంత రోజు మాల్ వంటి చోట ఈ సాహసం తగదు. బండిలో రోగి ఉంటే 108కి ఫోను చేయడమే మేలు.

పెట్టే ఖర్చు దండగా అని ఆలోచించేవారు కాగితాలు కూడా ఒకసారి తీసి చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆపైన అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అందుకు 600 రూపాయలున్న ఫీజును 2022 ఏప్రిల్‌లో 5,000కు పెంచారు. గడువు దగ్గరపడి, కింది రేకు కూడా తుప్పు తిన్న బండికి పెడల్, వైరు, ప్లేటు అన్నీ కొత్తవి వేయించడం దండగే. రేకు, ఇంజను గట్టిగా ఉంటే మాత్రం వైరు ఖర్చుకు జంకి బండిని పోగొట్టుకోవద్దు.

బిగించాక పెడల్‌ను చేత్తో నొక్కి చూడాలి. సుమారు అంగుళం మేర ఉత్తగా కదిలి, ఆ తర్వాతే బరువు తగలాలి. ఉత్త కదలిక లేకపోతే ప్లేటు జారి కాలిపోతుంది, మరీ ఎక్కువైతే గేరు గరగరలాడుతుంది. గేర్ బాక్సు దగ్గర వైరు కొసనున్న నట్టుతో సరిచేసుకోవచ్చు. కొత్త వైరు కొంత సాగుతుంది కనుక వారం తిరిగాక ఆ నట్టును మరోసారి చూపించుకోవాలి.