“ఇవాళ సెలవు” అంటే నమ్మకండి!

బ్యాంకాక్ వెళ్ళిన మనవాళ్ళు తప్పకుండా చూసేది గ్రాండ్ ప్యాలెస్. 1782లో కట్టడం మొదలుపెట్టిన రాజభవనం. గేటు ఇంకా కాస్త దూరంలో ఉండగానే, ఇస్త్రీ బట్టల్లో పెద్దమనిషిలా ఉన్నవాడు ఎదురొచ్చి “ఇవాళ పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా తెరవరు” అంటాడు, ఎంతో మర్యాదగా. ఆ పక్కనే టుక్‌టుక్ సిద్ధం. అదీ మన ఆటోలాంటిదే. 20 బాత్‌లకే ఊరంతా తిప్పుతానంటాడు. అంత చవగ్గా ఎవరైనా ఎందుకు తిప్పుతారు చెప్పండి?

ఒకటో రెండో గుళ్ళు చూపించి తిన్నగా రాళ్ళ కొట్టుకి తీసుకెళ్తాడు. కెంపులు, నీలాలు ముందు పోసి “ప్రభుత్వం వారి సేలు, ఇవాళే ఆఖరు. మీ ఊళ్ళో అమ్మితే రెట్టింపు వస్తుంది” అని ఊదరగొడతారు. రాళ్ళు అసలువే కావచ్చు, చెప్పే ధరే దొంగది. ఇంటికొచ్చి కంసాలికి చూపిస్తే అందులో నాలుగో వంతు కూడా పలకకపోవచ్చు. డ్రైవరుకి మాత్రం కమీషను ముట్టిపోతుంది.

ప్యాలెస్ మూశారో లేదో దారినపోయేవాడు కాదు, టికెట్ల కౌంటరువాళ్ళు చెప్పాలి. మామూలుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే తెరుస్తారు. ఎవరేమన్నా గేటుదాకా నడవండి. చీరకి అభ్యంతరం ఉండదు గానీ స్లీవ్‌లెస్ జాకెట్టు మాత్రం వద్దు, భుజాలు కనబడితే లోపలికి పంపరు. టూరిస్టు పోలీసుల నంబరు 1155. ఆయన ఫోన్లోనే కాదు, మీ పర్సులో చీటీ మీద కూడా రాసి పెట్టుకోండి.