ఉయ్యాలకూ చదువుకూ ఉన్న బంధం

దర్శనానికి పెద్దలు వరుసలో నిలిచి ఉండగా, చిన్నారులు మండప స్తంభాన్ని పట్టుకొని గిరగిర తిరగడం ఆలయాలలో తరచుగా కనబడే దృశ్యమే. “కుదురుగా ఉండలేవా?” అని మనం మందలిస్తాం. అయితే ఆ కుదురు సైతం కదలికల ద్వారానే అలవడుతుంది.

పంచేంద్రియ జ్ఞానాలతోపాటు సమతౌల్యాన్ని తెలిపే జ్ఞానం కూడా మనకు ఉన్నది. దాని స్థానం లోపలి చెవి. ప్రతి చెవిలోనూ ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల తిరిగినప్పుడు వాటిలోని సూక్ష్మ రోమకణాలు ఆ కదలికను మెదడుకు తెలుపుతాయి. ప్రక్కనే ఉన్న రెండు చిన్న సంచులు కాల్షియం కార్బొనేట్ స్ఫటికాల సాయంతో భూమ్యాకర్షణను, ముందువెనుకల కదలికను గుర్తిస్తాయి. ఒప్పులకుప్ప ఆడి ఆగిన తరువాత కూడా లోకం తిరుగుతున్నట్లు తోచడానికి కారణం, మనం ఆగినా ఆ ద్రవం వెంటనే ఆగకపోవడమే. ఈ వ్యవస్థపై చేసిన పరిశోధనలకు రాబర్ట్ బారానీ 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతిని పొందారు.

మరి దీనికి చదువుతో సంబంధమేమిటి? తల కదిలినా చూపు చెదరకుండా కాపాడేది ఈ జ్ఞానమే. నల్లబల్లపై ఉన్నది చూసి వ్రాసుకొనే బిడ్డ మాటిమాటికీ తల ఎత్తుతూ, దించుతూ ఉండాలి. మెడ, వెన్ను నిలకడగా ఉంటేనే చేతివ్రేళ్ళు అక్షరంపై నిలుస్తాయి. నిటారుగా కూర్చోవడానికే శ్రమపడే బిడ్డకు పాఠంపై మిగిలే శ్రద్ధ స్వల్పం. ఉయ్యాల ఊగినంత మాత్రాన మార్కులు పెరుగుతాయని దీని అర్థం కాదు. నేర్చుకొనడానికి కావలసిన దేహం సిద్ధమవుతుందని మాత్రమే భావం.

అట్లతద్ది ఉయ్యాలలు, ఒంటికాలిపై గెంతే తొక్కుడుబిళ్ళ ఈ సాధననే ఉల్లాసంగా చేయిస్తాయి. 5 నుండి 17 సంవత్సరాల వయస్సువారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కనుక అల్లరికి శిక్షగా ఆటల గంటను తొలగించడం తగదు. తరచూ తూలిపడే పిల్లలను, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పే పిల్లలను మాత్రం వైద్యునికి చూపించాలి.

విద్యాదానం మహాదానమని విశ్వసించే దాతలు పాఠశాలలకు గదులను, పుస్తకాలను సమకూరుస్తున్నారు. వాటితోపాటు ఒక ఉయ్యాలను, కొంత ఆటస్థలాన్ని కూడా సమకూర్చగలిగితే అదీ విద్యాదానమే అవుతుంది.