బైపీసీ చదివి డాక్టరు కాకపోతే?

"ఏటమ్మీ, డాక్టరు సీటు రానేదా? మరి బీయస్సీ సదివి ఏటి సేస్తావు?"

కంచిలిలో బైపీసీ పూర్తిచేసిన అమ్మాయికి ఆ వేసవిలో తప్పని పలకరింపు ఇది. అడిగేది మేనత్త కావచ్చు, పక్కింటి పిన్ని కావచ్చు. అడగడంలో ప్రేమే ఉంటుంది గానీ, పిల్ల మనసు మాత్రం చివుక్కుమంటుంది. డిగ్రీ అంటే సంబంధం కుదిరేదాకా కాలక్షేపం అన్నట్టు ఇంట్లోవాళ్లూ మాట్లాడితే, ఇక ఆ పుస్తకం తెరవడానికి ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది?

నిజానికి జీవశాస్త్రం చదివే అమ్మాయికి ఉద్దానంలో పుట్టడం ఒక వరం.

తోటే ప్రయోగశాల

జీడిపండునే చూడండి. ఎర్రగానో పచ్చగానో నోరూరించే ఆ పండు అసలు పండే కాదు. పువ్వు కాడ ఉబ్బి అలా తయారవుతుంది. దాని కింద వేలాడే గింజే అసలైన కాయ. మిగతావాళ్లు పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకునే ఈ సంగతి, మన అమ్మాయిలు చిన్నప్పట్నుంచీ చేత్తో తుంపి చూసినదే. కొబ్బరాకుల అడుగున తెల్లగా పేరుకునే సర్పిలాకార తెల్లదోమ ఉంది కదా! దాని పిల్లపురుగుల్లోనే గుడ్లుపెట్టి చంపే ఎన్‌కార్సియా అనే కందిరీగ జాతి చిట్టి పురుగు కూడా ఉంది. ఈ సంగతి చదువుకున్న కూతురు, మందు కొట్టబోయే నాన్నను ఒక్క నిమిషం ఆగమనగలదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికీ, టెక్కలి దగ్గర తేలినీలాపురానికీ వచ్చే పక్షులు కూడా ఈ పాఠంలో భాగమే.

కప్పల్ని కోయాలేమోనన్న భయమూ అక్కర్లేదు. డిగ్రీ, పీజీ తరగతుల్లో జంతువుల్ని కోయించవద్దని యూజీసీ 2014లోనే ఆదేశించింది.

ఇంటి దాకా వచ్చిన పాఠం

అన్నిటికన్నా పెద్ద పాఠం మాత్రం కన్నీళ్లతో కూడినది. కంచిలి, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

రక్తపరీక్ష కాగితం మీద 'క్రియాటినిన్' అన్న మాట ఉద్దానంలో ఎవరికి తెలియదు? కండరాల్లో నిత్యం తయారయ్యే వ్యర్థం అది. దాన్ని వడకట్టి బయటికి పంపేవి మూత్రపిండాలు. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. అవి దెబ్బతింటున్నకొద్దీ రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. చిక్కేమిటంటే, జబ్బు బాగా ముదిరేదాకా పైకి ఏమీ తెలియదు. 'ఒంట్లో బాగానే ఉంది గదా' అని అమ్మ పరీక్ష వాయిదా వేస్తుంది. ఒళ్లు నొప్పులంటూ నాన్న దుకాణంలో మాత్రలు కొని మింగుతాడు. ఆ మాత్రల్లో కొన్ని కిడ్నీలకు చేటు చేస్తాయని ఇంటి భాషలో చెప్పే మనిషి కావాలి. వైద్యం చేయడం బీయస్సీ అమ్మాయి పని కాదు. కానీ, ఇంట్లోవాళ్లను వేళకు డాక్టరు దగ్గరికి బయల్దేరదీయడం ఆమెకు చేతనవును.

చదివాక దారులు

బీఈడీ చేస్తే బడిలో జీవశాస్త్రం టీచరు కావచ్చు. ఎమ్మెస్సీకి విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం ఎటూ ఉంది. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయమూ ఉంది. ఐఐటీల్లో చదవాలనుకుంటే 'జామ్' పరీక్షలో బయోటెక్నాలజీ పేపరు రాయొచ్చు. ఆపైన పరిశోధన.

ఒక్క జాగ్రత్త. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ సమానంగా చదివే పాత బీజెడ్‌సీని దృష్టిలో పెట్టుకుని చేరిపోకండి. 2023-24లో మన రాష్ట్రంలో ఒకే మేజరు పద్ధతి వచ్చింది. అందుకే ఏ సబ్జెక్టు మేజరుగా ఇస్తారో, ల్యాబు సరిగా నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. రానూపోనూ ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్కవేసుకోండి.

ఉద్దానం జబ్బుకు కారణం ఇంకా ఎవరో కనిపెట్టాలి. ఆ ఎవరో ఇక్కడి నీళ్లు తాగి పెరిగిన అమ్మాయే ఎందుకు కాకూడదు?

అంతదాకా, అత్త మళ్లీ అడిగితే తల దించుకోకండి. "సీటు రానేదత్తా. ముందు నీ రక్తపరీక్ష కాయితం ఇలాగియ్యి, సదివి సెప్తాను" అనండి.