బీడీడీ చాల్స్: వందేళ్ల నాటి ఇళ్లకు ఎవరి పేరు పెట్టాలి?

ముంబయిలోని వర్లీ బీడీడీ చాల్స్‌లో తరతరాలుగా 160 చదరపు అడుగుల గదుల్లో బతికిన వారిలో 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో 500 చదరపు అడుగుల కొత్త ఫ్లాట్ల తాళాలు అందాయి. అయితే ఆ చిరునామాలో రాసే పేరుపై వివాదం అంతకు మూడేళ్ల ముందే మొదలైంది.

ఏమిటీ బీడీడీ?

బీడీడీ అంటే బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో 1920లో ఏర్పడిన ఈ శాఖ వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, నేటి ఎన్.ఎం. జోషి మార్గ్‌లో 32, శివ్‌డీలో 12 చొప్పున మొత్తం 207 భవనాలు కట్టింది. ఒక్కో భవనంలో 80 గదులు, ఉమ్మడి మరుగుదొడ్లు ఉంటాయి. కొంకణ్ నుంచి వచ్చిన వారితో పాటు, తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలూ పనిచేసిన మిల్లుల ప్రాంతమిది.

పేర్లు ఎలా వచ్చాయి?

2022 మార్చిలో అప్పటి మహా వికాస్ అఘాడీ ప్రభుత్వం కొత్త పేర్లు ప్రకటించింది. వర్లీకి బాలాసాహెబ్ ఠాక్రే, నాయ్‌గావ్‌కు శరద్ పవార్, ఎన్.ఎం. జోషి మార్గ్‌కు రాజీవ్ గాంధీ పేర్లు పెట్టింది. కూటమిలో ఉన్నవి మూడు పార్టీలు. శివసేన, ఎన్సీపీ, కాంగ్రెస్‌లకు తలా ఒక పేరు దక్కింది.

అభ్యంతరం ఎందుకు?

పవార్ ఇంకా క్రియాశీల రాజకీయాల్లో ఉన్న నాయకుడు. నాయ్‌గావ్‌లో ఆయన పేరును వ్యతిరేకిస్తూ అంబేడ్కర్ పేరు కోరిన వారున్నారు. అంబేడ్కర్ చాలా ఏళ్లు నివసించింది పరేల్‌లోని బీఐటీ చాల్‌లో. అది వేరే సంస్థ కట్టించినది. అయినా దళిత కార్మిక కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న ఈ చాల్స్‌లో ఆయన పేరుకున్న బలం చిన్నది కాదు.

వర్లీ సంగతి ఇంకా సున్నితం. 1974 జనవరిలో దళిత్ పాంథర్స్‌కూ శివసేనకూ మధ్య ఘర్షణలు చెలరేగింది ఇక్కడే. అదే చోటికి శివసేన వ్యవస్థాపకుడి పేరు పెట్టడాన్ని అందరూ ఒకేలా చూడలేరు. ఇక మూడో చోట వీధికి పేరిచ్చిన ఎన్.ఎం. జోషి, ఏఐటీయూసీ వ్యవస్థాపకుల్లో ఒకరైన కార్మిక నాయకుడు. కార్మికుల ఇళ్లకు అంతకన్నా దగ్గరి పేరు వెతకనక్కర్లేదు.

అసలు ప్రశ్న

వందేళ్లుగా ఇక్కడివాళ్లు సర్కారుకు అద్దెదారులు. పునర్నిర్మాణంతో వాళ్లే ఇళ్ల యజమానులవుతున్నారు. పేరు ఎవరిదైనా కావచ్చు. దాన్ని ఖరారు చేసే ముందు ఆ యజమానులను అడగాలా, వద్దా అన్నదే తేలాల్సిన విషయం.