ఆపిల్ సైడర్ వెనిగర్

ఆపిల్ సైడర్ వెనిగర్ అనగా ఆపిల్ పండ్ల రసమును రెండు దశలలో పులియబెట్టగా లభించే పుల్లని ద్రవము. ఇది లేత తేనె రంగులో ఉండి, కొద్దిగా పండు వాసన కలిగి ఉంటుంది. ఆపిల్ తోటలు విస్తారముగా గల ఇంగ్లాండు, ఫ్రాన్సులోని నార్మండీ, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దీనిని వంటలలో వాడుతారు. వెనిగర్ అను పదము 'పుల్లని ద్రాక్షసారా' అను అర్థము గల ఫ్రెంచి మాట నుండి వచ్చినది.

తయారీ విధానము

మొదటి దశలో ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. ఈ పానీయమే సైడర్. (అమెరికాలో పులియని రసమును కూడా సైడర్ అనే పిలుస్తారు.) రెండవ దశలో ఒక జాతి బాక్టీరియా గాలిలోని ఆక్సిజన్ సహాయముతో ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లముగా మారుస్తుంది. ఈ మార్పులో సూక్ష్మజీవుల పాత్రను వివరించిన లూయీ పాశ్చర్ 1868లో వెనిగర్‌పై ఒక గ్రంథము ప్రచురించాడు. వడగట్టని వెనిగర్ సీసాలో కనిపించే మడ్డిని 'తల్లి' అంటారు. అది బాక్టీరియా, సెల్యులోజుల సముదాయము. దానిని చూచి వెనిగర్ చెడిపోయినదని పారవేయనక్కరలేదు.

వంటలలో ఉపయోగాలు

మూడు వంతుల నూనెకు ఒక వంతు వెనిగర్ చేర్చి, ఉప్పు, ఆవపిండి వేసి గిలకొట్టి పచ్చి కూరగాయ ముక్కలపై పోస్తారు. ఒక కప్పు పాలలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపితే పాలు విరిగి, కేకుల తయారీలో మజ్జిగకు బదులుగా పనికివస్తాయి. వంటసోడాతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడి పిండి పొంగుతుంది. గ్రుడ్డు వేయని కేకులలో దీనిని వాడుటకు కారణము ఇదే.

మన పులుసులో చింతపండు వలె దీనిని మొదటి నుండి మరిగించరాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము ఆవిరి కాదు. ఎసిటిక్ ఆమ్లము మాత్రము కొంత ఆవిరితో పాటే పోతుంది, పండు వాసనయు పోతుంది. కావున దించే ముందు చేర్చుట మేలు. అల్యూమినియం, రాగి పాత్రలు దీనికి పనికిరావు.

నిల్వ పచ్చళ్ళు

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరము. ప్రాణాంతకమైన బాట్యులిజమ్ విషమును తయారుచేసే బాక్టీరియా, పి.హెచ్. 4.6 లేదా అంతకు తక్కువ ఉన్నచోట పెరగదు. అందుచేత సీసాలలో మూతబిగించి నిల్వచేయు కూరగాయలకు 5 శాతము ఆమ్లత గల వెనిగర్‌నే వాడాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తున్నది. పులుపు ఎక్కువైనదని నీరు కలుపుట ప్రమాదకరము. కొద్దిగా చక్కెర వేసుకొనవచ్చును. ఇంట్లో పులియబెట్టిన వెనిగర్ ఆమ్లత ఎంతో తెలియదు కనుక అది సలాడ్లకే గాని ఇట్టి నిల్వకు తగదు. వెనిగర్‌లో వెల్లుల్లి ఒక్కొక్కసారి నీలిరంగుకు మారుతుంది, దాని వలన హాని లేదు.

ఆరోగ్యము

నీరు కలపకుండా త్రాగితే పంటి పింగాణీ పొర అరుగుతుంది. ఇది బరువు తగ్గించునని 2024లో వెలువడిన ఒక పరిశోధనా పత్రమునకు విస్తృత ప్రచారము లభించినది. అయితే గణాంక లోపముల కారణముగా 2025లో దానిని ప్రచురణకర్తలే ఉపసంహరించుకొన్నారు.