సున్నం మూలకమేనా?

'అంతకంటె సరళమైన పదార్థాలుగా విడగొట్టడానికి వీలుకానిదే మూలకం' అని మీరంతా కంఠస్థం చేసే ఉంటారు. పరీక్షలో ఈ వాక్యం రాస్తే మార్కులు పడతాయి. కాని ఎందుకు వీలుకాదు? ఆ సంగతి వాక్యంలో లేదు.

సున్నాన్నే తీసుకుందాం. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. ఆ సున్నాన్ని ఇంకెంత కాల్చినా సున్నమే. అందుకే 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోజియే 33 మూలకాల పట్టిక ప్రకటించినప్పుడు బంగారం, గంధకం సరసన సున్నాన్నీ కూర్చోబెట్టాడు. అయితే ఆయన జాగ్రత్త గల మనిషి. మన పద్ధతులకు లొంగలేదు కనుక ప్రస్తుతానికి మూలకమనుకుందాం అన్నాడే గాని, ఎన్నటికీ విడిపోదనలేదు. సున్నంలో ఏదో లోహం ఆమ్లజనితో కలిసి ఉందేమోనని ఆయనకు అనుమానం కూడా ఉండేది.

అనుమానం తీరకుండానే 1794లో ఆయనకు మరణశిక్ష పడింది. తర్వాత ఆరేళ్ళకు ఇటలీలో ఓల్టా బ్యాటరీ తయారుచేశాడు. దానితో కొలిమికి లొంగనివి లొంగిపోయాయి. లండన్‌లో హంఫ్రీ డేవీ 1807లో కరగించిన పొటాష్ గుండా విద్యుత్తు పంపితే పాదరసంలా మెరిసే బొట్లు పుట్టి, కొన్ని అక్కడికక్కడే భగ్గున మండాయి. అదే పొటాషియం. మరుసటి ఏడు సున్నం వంతు వచ్చింది. అందులోంచి కాల్షియం బయటపడింది. పట్టికలో సున్నం పేరు చెల్లిపోయింది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. సున్నానికి పట్టిన గతి రేపు కాల్షియానికి పట్టదని ఏమిటి నమ్మకం?

నమ్మకం పరమాణువు లోపల ఉంది. కాల్షియం పరమాణు కేంద్రకంలో 20 ప్రోటాన్లు, చుట్టూ 20 ఎలక్ట్రాన్లు ఉంటాయి. సున్నం ఏర్పడేటప్పుడు కాల్షియం తన బయటి ఎలక్ట్రాన్లు రెండింటిని ఆమ్లజనికి ఇస్తుంది. బ్యాటరీ చేసిన పనల్లా ఆ రెండింటినీ తిరిగి ఇప్పించడమే. మంట గాని, ఆమ్లం గాని, విద్యుత్తు గాని బయటి ఎలక్ట్రాన్లతోనే బేరం సాగిస్తాయి; కేంద్రకం జోలికి పోలేవు. అందులోంచి ఒక ప్రోటాన్‌ను ఊడదీయాలంటే రసాయన చర్యలో అవసరమయ్యే శక్తికి సుమారు పదిలక్షల రెట్లు కావాలి. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మోస్లే 1913లో ఎక్స్ కిరణాలతో మూలకాలకు వరుస సంఖ్యలు కట్టాడు. ఆ సంఖ్య ప్రోటాన్ల లెక్కే. ఆయన తొలిసారి పరీక్షించినవాటిలో కాల్షియం ఒకటి. దాని సంఖ్య 20.

'కేంద్రకాన్నీ పగలగొట్టారు కదా, మాస్టారూ!' అంటారా? నిజమే. 1919లో రూథర్‌ఫర్డ్ నత్రజనిని ఆల్ఫా కణాలతో కొడితే ఉదజని కేంద్రకాలు వెలువడ్డాయి. మిగిలినదేమిటో 1925లో బ్లాకెట్ ఫోటోలు తేల్చాయి. లెక్క మీరే చూడండి. నత్రజని ప్రోటాన్లు 7, ఆల్ఫా కణానివి 2, మొత్తం 9. ఒకటి ఉదజనిగా పోగా 8 మిగిలాయి. 8 ప్రోటాన్లుంటే అది ఆమ్లజని. ఆ ఆమ్లజని నత్రజనిలో ముందునుంచీ దాగిలేదు. అప్పుడే కొత్తగా తయారైంది.